నిశ్శబ్దానికి దడుచుకున్న పిల్ల

నా క్లాసులో పిల్లలు నోరెత్తరని మా బడిలో పేరు. ఎమ్మిగనూరులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. ఇల్లు ఆదోనిలో. పక్క గదుల్లో ఎంత గోల ఉన్నా నేను గడప దాటానంటే చాలు, మా గది సద్దుమణిగేది. బదిలీ మీద కొత్తగా వచ్చిన టీచర్లకు హెడ్మాస్టరు నా తరగతిని చూపించి, సూది పడినా వినిపిస్తుంది చూడండి అనేవారు. నేను విననట్టే బోర్డు మీద రాసుకుంటూ లోలోపల మురిసిపోయేదాన్ని. ఇరవై ఏళ్లు దాటిన ఉద్యోగంలో నేను సంపాదించుకున్న పేరు అదే మరి.

రెండేళ్ల కిందట పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మగ్గాల వాళ్ల అమ్మాయి. రెండో బెంచీలో గోడవైపు కూర్చునేది. హోంవర్కు పుస్తకం చూస్తే ముచ్చటేసేది. ఒకే లెక్కను రెండు మూడు పద్ధతుల్లో చేసి, ఏది తేలికో పక్కన చిన్న అక్షరాలతో రాసుకునేది. కానీ స్లిప్ టెస్ట్ పెడితే సగం కాగితం ఖాళీగా ఇచ్చేది. మొదట్లో నాకు అనుమానం వచ్చింది. ఇంట్లో ఎవరో చేసిపెడుతున్నారని అనుకున్నాను. ఒకసారి ఆ మాట పైకే అన్నాను కూడా. ఆ పిల్ల తల వంచుకుంది.

ఆ ఏడాది దీపావళి అయిపోయిన తర్వాత ఒక శుక్రవారం వర్గ సమీకరణాల మీద టెస్ట్ పెట్టాను. కాగితాలు పంచి, బెంచీల మధ్య తిరగడం మొదలుపెట్టాను. పది నిమిషాలు గడిచాయో లేదో ఆ పిల్ల అడక్కుండానే లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. ఏమైందని అడిగాను. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"సదివి రాకుంటే ఇట్లాంటి నాటకాలే వస్తాయి. కూసో" అన్నాను.

కూర్చుంది. నేను రెండు బెంచీలు దాటి వెళ్లానో లేదో పక్కన కూర్చున్న అమ్మాయి మేడం అని పిలిచింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల బెంచీ మీదికి ఒరిగిపోయి ఉంది. ఊపిరి ఎగబీలుస్తోంది. రెండు చేతుల వేళ్లూ కొంకర్లు పోయి బిగుసుకున్నాయి, విప్పుదామంటే రావడం లేదు. నా చేతిలోని కాగితాలు ఎక్కడ పడేశానో నాకే తెలియదు. నేనూ ఇంకో ఇద్దరు అమ్మాయిలూ కలిసి వరండాలోకి తీసుకుపోయి పడుకోబెట్టాం. మొహాన నీళ్లు చల్లాం. ఎవరో అట్టముక్కతో విసిరారు. పావుగంటకు వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. లేచి కూర్చుని గోడకు ఆనుకుంది. అప్పుడు నా వైపు చూసి ఒకే మాట అన్నది.

"నేను నాటకం ఆడలేదు మేడం."

వాళ్ల అవ్వ వచ్చి ఇంటికి తీసుకుపోయింది. పొద్దున ఏమీ తిని ఉండదని స్టాఫ్‌రూంలో ఎవరో అన్నారు. పదో తరగతి కదా, ఏటా ఒకరిద్దరు ఇట్లా పడిపోతారని ఇంకొకరు అన్నారు. అదీ నిజమే. ఏటా ఒకరిద్దరు పడిపోతూనే ఉన్నారు. ఆ సాయంత్రం ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పత్తి ఏరేసిన చేలను చూస్తూ, ఆ ఒకరిద్దరినీ ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నాను. అందరూ నా పీరియడ్లోనే పడిపోలేదు. కానీ ఎక్కువమంది నా పీరియడ్లోనే.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళ, బుధవారాలు కూడా రాలేదు. బుధవారం బడి వదిలాక ఆ పిల్ల పక్కన కూర్చునే అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాను. మగ్గాల వీధి అది. వీధి మొదట్లోనే చప్పుడు మొదలైంది. ఏ ఇంటి ముందు నుంచి పోయినా టకటకమని అదే చప్పుడు. వాళ్లింట్లో ముందు గదిలోనే గుంత మగ్గం. తండ్రి గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. ఆయన తమ్ముడిది పక్క గదిలో ఇంకో మగ్గం. తల్లి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నన్ను చూసి తండ్రి గబగబా లేవబోయాడు. పని ఆపొద్దని చెప్పి చాప మీద కూర్చున్నాను.

మాట్లాడింది అవ్వే. ఎండాకాలం నుంచీ ఇట్లా వస్తోందట. మొదట గాలి సోకిందని అనుకున్నారట. శ్రావణంలో ఉరుకుందకు తీసుకుపోయి ఈరన్న స్వామికి మొక్కుకుని, చేతికి దారం కట్టించుకొచ్చారట. తగ్గకపోతే ఆదోనిలో డాక్టరు దగ్గరికి పోయారు. గుండె పరీక్ష చేసి, గుండెకు ఏ జబ్బూ లేదు, ఇది భయం వల్ల వచ్చే దడ, ఊపిరి మెల్లగా వదలడం నేర్చుకోవాలి అన్నాడట. ఇంకా ఎక్కువైతే మనసు డాక్టరుకు చూపించాలి, అందులో తప్పేం లేదని కూడా చెప్పాడట. భయం ఎందుకో మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. అవ్వకు అన్నింటికన్నా విచిత్రంగా తోచింది వేరే.

"ఉరుకుందలో అంత జనం గదమ్మా. డప్పులు, మైకులు, తోపులాట. ఆడ మాత్రం దీనికి ఏం కాల్యా. నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. పిల్లను పిలవమన్నాను. లోపలి నుంచి వచ్చి, నాకు కొంచెం దూరంగా కూర్చుంది. నన్ను చూడగానే మళ్లీ దడ వస్తుందేమోనని నాకే బెదురుగా ఉంది. పరీక్ష మాట ఎత్తలేదు. ఆ శుక్రవారం ఇచ్చిన లెక్కల్లో ఒకటి నాకే సరిగ్గా కుదరలేదు, నువ్వెట్లా చేస్తావో చూద్దామన్నాను. అది అబద్ధమని ఆ పిల్లకూ తెలుసు. అయినా పుస్తకం తెచ్చుకుని మొదలుపెట్టింది.

రెండు మగ్గాలూ మోగుతూనే ఉన్నాయి. ఒకరితో ఒకరు మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. ఆ మోతలో ఆ పిల్ల పెన్ను ఎక్కడా ఆగలేదు. ఒక లెక్క అయింది. రెండోది ఇచ్చాను, అదీ అయింది. మూడోది కాస్త తిరకాసుది. అందులో సగం దాకా వచ్చింది. అప్పుడు తండ్రి నీళ్లు తాగుదామని మగ్గం ఆపాడు. తమ్ముడు కూడా ఏదో పోగు తెగితే ఆపినట్టున్నాడు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది.

పెన్ను ఆగింది. ఆ పిల్ల తలెత్తి మగ్గం వైపు చూసింది. ఎడమ చెయ్యి మెల్లగా గుండెల మీదికి పోయింది.

తండ్రి చెంబు కింద పెట్టి మళ్లీ కూర్చున్నాడు. పోగును మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తింది. చప్పుడు మొదలైంది. చెయ్యి కిందికి దిగింది, పెన్ను కదిలింది. నేను చూస్తూనే ఉన్నాను. లెక్క పూర్తయ్యేదాకా ఆగి, మెల్లగా అడిగాను, మగ్గం ఆగినప్పుడు నీకు ఏమయిందని. చాప అంచు పీకుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది.

"సద్దు లేకుంటే నా గుండె నాకే ఇనపడతాది మేడం. ఇనపడే కొద్దీ ఇంకా గట్టిగా కొట్టుకుంటాది. మీ క్లాసులో బాగా ఇనపడతాది. ఊపిరి ఆడదు. సచ్చిపోతానేమో అనిపిస్తాది."

తండ్రికి అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వాలో బాధపడాలో తెలియనట్టు చూశాడు.

"ఈ సద్దులోనే పుట్టింది మేడం. ఉయ్యాల్లో ఉన్నప్పుడు మగ్గం ఆపితే లేసి ఏడ్సేది. ఎవరింట్లో అయినా మగ్గం నడస్తాంటే పిల్లోళ్లు లేస్తారు. మా పాప ఆపితే లేసేది."

నేను సూది పడినా వినిపించాలని ఇరవై ఏళ్లుగా తీర్చిదిద్దుకున్న గది అది. అందులో ఈ పిల్లకు వినిపించింది తన గుండె. తప్పు నాదేనమ్మా, నాటకం అనకూడని మాట అన్నాను అని ఆ చాప మీదే చెప్పాను. ఆ పిల్ల బెదిరినట్టు వాళ్ల నాన్న వైపు చూసింది. టీచర్లు అట్లాంటి మాట అనడం ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు. లేచేటప్పుడు రేపు బడికి రా అన్నాను. టెస్ట్ ఉంటుందా అని అడిగింది. ఉండదన్నాను.

మరుసటి రోజు ఆ పిల్ల వచ్చింది. అందరికీ చిన్న చిన్న చీటీలు ఇచ్చాను. పేరు రాయొద్దు, పరీక్ష అంటే మీ ఒంట్లో ఏమవుతుందో ఒక్క వాక్యం రాయండి చాలు అన్నాను. చీటీలన్నీ ఒక డబ్బాలో వేయించుకుని, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్లో ఒంటరిగా కూర్చుని చదివాను. చేతికి చెమట పట్టి పెన్ను జారుతుందని ఒకరు రాశారు. కడుపులో తిప్పుతుంది, అందుకే పరీక్ష రోజు అన్నం తినననీ, అమ్మకు తిన్నానని చెబుతాననీ ఇంకొకరు. మా వైపు వానలు సరిగ్గా లేని ఏడాది ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతాయి, దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మా అమ్మానాన్న సుగ్గికి పోయినారు, ఫోన్ రాని రోజు నాకు ఏదీ తలకెక్కదు అని ఒక చీటీలో ఉంది.

ఎక్కువ చీటీల్లో ఉన్నది మాత్రం నా గురించి. మేడం చెప్పుల సద్దు దగ్గరికి వస్తాంటే వచ్చిన లెక్క కూడా మర్సిపోతానని ఒకరు. మేడం నా వెనక నిలబడితే మెడ బిగుసుకుపోతాదని ఒకరు. ఒక చీటీలో రెండే మాటలున్నాయి, మేడం నడిస్తే అని. వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఆ చీటీలు చదివి ఏడ్చానని చెప్పను. కోపం వచ్చింది ముందు. ఇంత కష్టపడి చెబితే ఇదా అనిపించింది. తర్వాత సిగ్గు వేసింది. ఆ తర్వాత ఒక సంగతి గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి నా తరగతి వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటే నాకు చాక్‌పీసు చేతిలో విరిగిపోతుంది. ఇరవై ఏళ్ల నుంచి చెబుతున్న సూత్రం కోసం పుస్తకంలోకి చూస్తాను. ఆ సంగతి నేను ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు క్లాసులో చెప్పాను. నాకూ దడ వస్తుందని, చాక్‌పీసు విరుగుతుందని చెబితే ముందు ఎవరూ నమ్మలేదు. ఒకమ్మాయి కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వమన్నాను. అప్పుడు గది గదంతా నవ్వింది. మా గదిలో అంతమంది కలిసి నవ్వడం అదే మొదలనుకుంటాను. నవ్వు తగ్గాక, పోయిన శుక్రవారం నేను అన్న మాట తప్పు అని అందరి ముందూ ఆ పిల్లకు చెప్పాను. తను తల దించుకుంది గానీ ఈసారి చెవులు ఎర్రబడ్డాయి, అంతే.

ఆ రోజు నుంచి కొన్ని మార్చుకున్నాం. టెస్ట్ జరుగుతుంటే నేను బెంచీల మధ్య తిరగను, కుర్చీలో కూర్చుంటాను. నాకిది అన్నింటికన్నా కష్టమైంది, కాళ్లు నిలిచేవి కావు. ప్రశ్నపత్రం ఇచ్చాక మొదటి ఐదు నిమిషాలు పెన్ను ముట్టుకోకూడదు. చదువుకోవచ్చు, గొణుక్కోవచ్చు, పక్కవాళ్లతో అబ్బో ఇదేందప్పా అనుకోవచ్చు. దడ వచ్చిన వాళ్లు నన్ను అడగనక్కర్లేదు. కుళాయి దాకా పోయి, మొహం కడుక్కుని, డాక్టరు చెప్పినట్టు ఊపిరిని వేడి టీ ఊదినంత మెల్లగా బయటికి వదిలి, తిరిగి వచ్చి కూర్చోవాలి. తిరిగి రావడం మాత్రం ఖాయంగా ఉండాలి. రోడ్డు వైపు కిటికీలు తెరిచిపెట్టాం. ఆటోలు, అరటిపండ్ల బండి, పక్క క్లాసు ఎక్కాలు, అన్నీ లోపలికి వచ్చేవి.

హెడ్మాస్టరు రెండో వారంలో తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గొణుగుడు వినిపిస్తోంది. నాకు ఆరోగ్యం బాగాలేదా అని నెమ్మదిగా అడిగారు. బయటికి పోయి సంగతంతా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. పబ్లిక్ పరీక్ష హాల్లో అరటిపండ్ల బండి రాదు కదా మేడం అన్నారు. నిజమే, అక్కడ ఉండేది నిశ్శబ్దమే.

ఆ ప్రశ్న పిల్లల ముందే పెట్టాను. ఏం చేద్దామని వాళ్లనే అడిగితే, మగ్గాల పిల్లే మెల్లగా చెప్పింది, సద్దు లేకుండా కొంచెం కొంచెం కూసుంటే అలవాటు అయితాదేమోనని. అట్లా మొదలైంది. మొదటి రోజు కిటికీలు మూసి రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో తను రెండుసార్లు నా వైపు చూసింది. మరుసటి వారం ఐదు. డిసెంబరు చివరికి పదిహేను. కొందరికి అది ఆటలాగా ఉండేది. తనకు మాత్రం ఆట కాదు. ఒకరోజు ఎనిమిదో నిమిషంలో లేచి కుళాయి దగ్గరికి పోయింది. అందరూ తలుపు వైపే చూస్తున్నారు. మూడు నిమిషాలకు తడి మొహంతో తిరిగి వచ్చి కూర్చుంది. పక్కన కూర్చునే అమ్మాయి తన చున్నీ తీసి తుడుచుకోమని ఇచ్చింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు చూస్తే ఆ పిల్ల బెంచీ కింద బొటనవేళ్లు కదులుతున్నాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మగ్గం కింద కాళ్లతో తొక్కే చెక్కల లెక్కన. చప్పుడు లేదు. మొహంలో బెదురు లేదు. పెన్ను నడుస్తోంది. ఆ సంగతి నేను ఎవరికీ నేర్పించినది కాదు, తను కనిపెట్టుకున్నది.

అన్నీ నేరుగా జరిగిపోలేదు. ప్రీ-ఫైనల్లో వేరే గదిలో, వేరే టీచరు కాపలా ఉన్నప్పుడు దడ మళ్లీ వచ్చింది. ఆ టీచరుకు నేను ముందే చెప్పి ఉంచాను కాబట్టి బయటికి పోనిచ్చారు. తిరిగి వచ్చి ముప్పావు వంతు రాసింది. ఆ సాయంత్రం గేటు దగ్గర ఎదురుపడి, మళ్లీ వచ్చింది మేడం, పోలేదు అని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. పోకపోవచ్చు, వచ్చినా రాయగలిగావు కదా అన్నాను. ఆ మాట తనకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు.

లెక్కల పబ్లిక్ పరీక్ష రోజు సెంటరు వేరే బడిలో పడింది. నన్ను లోపలికి రానివ్వరు. అవ్వ, నేను గేటు బయట ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. అవ్వ కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తోంది, ఈరన్నకు చెప్పుకుంటోందని తెలుసు. నేను గంటకోసారి లేచి గేటు దాకా పోయి వస్తున్నాను. పదకొండున్నరకు లోపల ఎవరో అమ్మాయి దగ్గింది. అది ఆ పిల్లేనని ఇద్దరికీ అనిపించింది. కాదని తర్వాత తెలిసింది.

గంట కొట్టాక పిల్లలు గుంపుగా వచ్చారు. తను చివర్లో వచ్చింది, అట్ట నెత్తిన పెట్టుకుని, చిరాగ్గా.

"నాలుగు మార్కులది పోయింది మేడం" అన్నది దగ్గరికి రాగానే. "గుర్తు మార్సినా. వచ్చిన లెక్కే. యాడ తప్పు పోయినానో బయటికి వచ్చినాక తెలిసింది. ఛీ."

దడ గురించి అడుగుదామని నోటి దాకా వచ్చింది. కానీ ఆ పిల్ల మొహంలో ఉన్నది ఒక లెక్క తప్పిన కోపం, అంతకుమించి ఏమీ లేదు. ప్రతి ఏడాదీ పరీక్ష రాసొచ్చిన ప్రతి పిల్ల మొహంలో ఉండేదే. అవ్వ నా వైపు చూసింది, ఏమంటోంది అన్నట్టు. బాగా రాశానంటోంది అవ్వా అన్నాను. అవ్వ అక్కడే చెప్పులు విడిచి, రోడ్డు మీదే ఉరుకుంద దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంది. నేను మళ్లీ బల్ల మీద కూర్చున్నాను. టీ కొట్టు ఆయన అడక్కుండానే ముగ్గురికీ టీ ఇచ్చాడు.

మంచి మార్కులే వచ్చాయి. ఆదోనిలో పాలిటెక్నిక్‌లో చేరి హాస్టల్లో ఉంటోంది. మొన్న ఒక సోమవారం, సెలవుకు ఇంటికి వచ్చి తిరిగి పోతూ, సాయంత్రం నేనెక్కిన బస్సే ఎక్కింది. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా అయినప్పటి నుంచి ఆ బస్సులో సీటు దొరకడం గగనం. తను ముందే ఎక్కి కిటికీ లోంచి సంచి వేసి నాకు కూడా చోటు పట్టింది. ఇంకా వస్తుందా అని అడిగాను. అప్పుడప్పుడు వస్తాది మేడం, పోయిన నెల ల్యాబ్‌లో వచ్చింది, బయటికి పోయి నీళ్లు తాగి వచ్చినా, మళ్లీ వైర్లు కలిపినా అన్నది, జలుబు సంగతి చెప్పినంత తేలిగ్గా. తర్వాత హాస్టల్లో చపాతీలు ఎట్లా ఉంటాయో, రూమ్మేట్ గురక ఎట్లా ఉంటుందో మొదలుపెట్టింది. కోత అయిన పొలాలు, మిల్లులు, గుట్టలు కిటికీలో పోతున్నాయి. ఆ పిల్ల చెబుతూనే ఉంది, నాకు ఎక్కడో మధ్యలో హాయిగా నిద్ర పట్టింది. ఆదోని బస్టాండులో తనే భుజం తట్టి లేపింది.